గుట్ట మీది సిగ్నల్

మంగళవారం, రాత్రి

ఇంటర్నెట్ సర్వే కోసం మహదేవపూర్ అవతలి తండాకు వెళ్లాను. అక్కడ సిగ్నల్ లేదు. రేషన్‌కు వేలిముద్ర తీసుకోవాలంటే డీలర్ మిషన్‌తో గుట్ట ఎక్కుతాడు, జనం వెనకాలే ఎక్కుతారు. సోనీబాయి అవ్వ ఈ నెల ఎక్కలేక బియ్యం వదులుకుంది.

"మిషనేమో గుట్ట మీదనే మాట్లాడతది, నా మోకాళ్లేమో గుట్టంటెనే ఏడుస్తయి. ఇంటర్నెట్ లేదని రాయి బిడ్డా, గప్పుడన్న వైరు గుంజుతరు," అంది.

ఫారం పంపడానికి నేనూ గుట్ట ఎక్కి, అక్కడి నుంచే ఆఫీసు సార్‌కు ఫోన్ చేసి తండాలో ఇంటర్నెట్ లేదని చెప్పాను.

"మహదేవపూర్ పంచాయతీ ఆఫీసుల ఇంటర్నెట్ డబ్బా బిగించినం గదా. రూల్ ప్రకారం తండాకు గూడ ఉన్నట్టే. ఉన్నదని టిక్కు పెట్టమ్మా," అన్నారు.

ఉన్నదనే టిక్కు పెట్టి ఫారం పంపాను.

కిందికి వచ్చేసరికి అవ్వ దారిలోనే కూర్చుని ఉంది. "లేదనే రాసినవ్ గదా?"

అవునన్నట్టు తల ఊపాను.

"సల్లగుండు బిడ్డా," అంది.

కళ్లు మూతలు పడుతున్నాయి. వచ్చే నెల మళ్లీ రేషన్ రోజు వస్తుంది, వైరు మాత్రం రాదు...