నువ్వైతే ఎవరిని తీసుకుంటావు?

తమ్ముడూ,

నీ మేనకోడలు రిషిత సంగతి అడిగావు. ఐస్ హాకీ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఎల్లుండే. ఒక జట్టుకు డిఫెన్స్‌లో ఒక్కరే కావాలట. రిషితనీ, దాని ఫ్రెండ్ హేలీనీ చూస్తున్నారు. మనది గాలిలా దూసుకెళ్తుంది. హేలీకి అంత వేగం లేదు గానీ, ఎదుటివాళ్లు ఎటు వస్తారో ముందే పసిగట్టి అడ్డంగా నిలబడుతుంది. చూస్తుంటే నాకే ముచ్చటేస్తుంది.

మొన్న ఆ జట్టు కోచ్ రిషితనే అడిగాడట, "మీ ఇద్దరిలో నువ్వైతే ఎవరిని తీసుకుంటావు?" అని. ఇది హేలీ పేరు చెప్పిందట!

తెల్లారకముందే లేచి దీన్ని ఐస్ రింక్‌కి తిప్పింది ఇందుకా అనిపించింది. కార్‌లోనే కోప్పడ్డాను.

"నువ్వూ చూశావ్ కదమ్మా. షి ఈజ్ బెటర్. అబద్ధం చెప్పాలా?" అంది.

ఎవరిని తీసుకుంటారో తెలియదు తమ్ముడూ. నా కూతుర్ని మాత్రం ఆ రోజే కొత్తగా చూశాను.

మీ అక్క
ఆష్‌బర్న్