కాటుక పెడుతుంటే తెలిసింది

ఏలూరు, 1936 జూలై 12

అమ్మాయీ,

నీ కూతురికి నేటితో ఏడాది నిండింది. నువ్వు పోయి కూడా ఏడాదే. పాప చూపు దక్కుతుందని ఈ ఉదయం డాక్టరు చెప్పారు. అది నీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

"మెల్లకన్ను అదృష్టమండీ వదినగారూ" అని మీ అత్తగారు మురిసిపోయేవారు. నేనూ నమ్మాను. కానీ కాటుక పెడుతూ ఎడమకన్ను మూస్తే పాప ఊరుకునేది, కుడికన్ను మూస్తే నా చెయ్యి నెట్టేసేది. ఎడమకంటితో చూడడం లేదని అప్పుడు అర్థమైంది.

"వేళకు తెచ్చారండీ. ఆలస్యమైతే ఆ కన్ను చూడడం నేర్చుకునేది కాదు" అన్నారు డాక్టరు.

ఇక జరగవలసినవి:

1. రోజూ రెండు గంటలు కుడికంటికి గుడ్డకట్టు.
2. కొంచెం పెద్దయ్యాక కళ్లజోడు. ఆడపిల్లకెందుకనే వారికి నేను జవాబు చెబుతాను.
3. పాప ఏడుస్తూ అమ్మా అని పిలిచినా, నేను కట్టు విప్పకూడదు.