అడుగు కలపని నడక

ఏప్రిల్ 26, 2025. శనివారం. నరసాపురం.
ఫోన్ వచ్చింది. లీవ్ క్యాన్సిల్. వచ్చి నాలుగు రోజులే అయింది. నాన్నగారి కొట్టుకొచ్చిన వాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, యుద్ధమొస్తే ఆర్మీ బ్యాండువాళ్ళకి పనేముంటుందండీ అని. దెబ్బ తగిలినవాళ్ళని మోసుకొచ్చేది మేమేనని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ వెంకటదుర్గ నమ్మింది. అల్లుతున్న లేసు ఒళ్ళో పెట్టుకుని, "వాయించేది డ్రమ్మే కదా అని పదేళ్ళుగా నిశ్చింతగా ఉన్నానండీ. ఈ ముక్క పెళ్ళికి ముందే చెప్పాల్సింది," అంది. నవ్వుతూనే అంది.

ఏప్రిల్ 30. ఊరి పేరు రాయకూడదు.
నా సైడ్ డ్రమ్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ట్రంపెట్లు, క్లారినెట్లు కూడా స్టోర్‌లోకి పోయాయి. నలుగురికొక స్ట్రెచర్ ఇచ్చారు.

మే 3.
ప్రాక్టీసులో పరువు పోయింది. స్ట్రెచర్ మోసేటప్పుడు నలుగురూ అడుగు కలపకూడదు. కలిపితే ఊగుతుంది, పడుకున్నవాడికి నరకం. పదహారేళ్ళు పరేడ్‌లో అడుగు కలిపిన కాళ్ళు మావి. నాలుగడుగుల్లో కలిసిపోతున్నాయి. పడుకోబెట్టింది మెస్‌లో వంటచేసే తాతాజీని. వాళ్ళది మొగల్తూరు. కిందికి దిగి, "రమేష్‌బాబుగారూ, పంటు మీద గోదారి దాటినా ఇంత ఊగలేదండీ," అన్నాడు.

మే 5.
దొరికింది! ముందువాళ్ళకి ఒక లెక్క, వెనకవాళ్ళకి అరదెబ్బ ఆలస్యంగా ఇంకో లెక్క. రెండు చేతులతో రెండు రకాలుగా వాయించేవాణ్ణి, ఎనిమిది కాళ్ళకి నేర్పలేనా? నోటితో లెక్క చెబుతూ నడిపించాను. తాతాజీ పొట్టమీద టీ గ్లాసు పెట్టుకుని పడుకున్నాడు. చుక్క ఒలకలేదు. మిగతా స్ట్రెచర్లవాళ్ళకి కూడా నన్నే నేర్పమన్నారు బ్యాండ్ మాస్టర్.

మే 8.
షెల్లింగ్. రాసే టైము లేదు.

మే 10. పొద్దున ఆరు.
అరిచేతులు బొబ్బలెక్కాయి. మోసిన బరువుకి. కొంత భయంతో బిగించి పట్టినందుకు కూడా.
నిన్న సాయంత్రం మెస్ పక్కన షెల్ పడింది. వెళ్ళేసరికి తాతాజీ. ఎడమకాలు మోకాలి కింద చూడలేకపోయాను. కట్టు బిగించి ఎత్తాం. అంబులెన్స్ దాకా కిలోమీటరున్నర దిగాలి, దారంతా రాళ్ళు. లెక్క మొదలుపెట్టాను. సగం దారిలో తలల మీంచి ఏదో దూసుకుపోయింది. అందరం పరిగెత్తబోయాం. పరిగెత్తితే అతను దక్కడు. గొంతు పెంచి లెక్క చెప్పాను. ఒక్కరూ పరిగెత్తలేదు.
తాతాజీ కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిద్రపోకు తాతాజీ. పనసపొట్టు కూర ఎలా చేస్తావో చెప్పు," అన్నాను. "ముందు చేతులకి నూనె రాసుకోవాలండీ..." అని మొదలెట్టాడు. అంబులెన్స్ ఎక్కించేసరికి పోపు దాకా వచ్చాడు. ఆవ పెట్టడం మర్చిపోకండి అని డోర్ వేస్తుంటే కేకేశాడు.

మే 11.
కాల్పులు ఆగాయి. వెంకటదుర్గకి ఫోన్ చేశాను. మోశారా అని అడిగింది. మోశానన్నాను. ఎంతమందిని అంది. ఆరుగురిని అన్నాను. అందరూ బతికారా అంది. ఐదుగురు అన్నాను.

జూన్ 22. హాస్పిటల్.
తాతాజీని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి ఎత్తాను. నర్సు సాయం పట్టబోయింది. అక్కర్లేదన్నాను. కాలు లేకపోయినా, ఆ రోజుకంటే బరువెక్కాడు.