వేపచెక్కలు ఆరే గది

హంపేశా, మీ అమ్మ పెంచిన వేపచెట్టును నన్నడగకుండా కొట్టించింది నువ్వే.

నేను సిరిగేరి పోతున్నాను, రేపు వస్తాను. పొద్దు గూకగానే ఆ చెట్టు చెక్కలు ఆరబెట్టిన గది గాలి కంతలు మూసెయ్. రాత్రి తేమ పట్టి, పొద్దున ఎండ తగిలితే చెక్క పగులుతుంది.

ఆ గది కట్టేటప్పుడు "ఏంది నాయినా, కోళ్లగూడా?" అని నవ్వినావు. పైన ఎండ దిగే ప్లాస్టిక్ పట్ట వేశాను, చుట్టూ జంట రేకుల మధ్య ఊక దట్టించాను. పొద్దు గూకి ఇంట్లో దీపాలు పెట్టినాక ఆ గదిలో చెయ్యి పెట్టి చూడు, పగటి వేడి అట్లే ఉంటుంది. నిన్న వడ్రంగి పంపాపతి ప్రతి చెక్కా తిప్పి చూసి, "యాడా వంకర పోల్యాదప్పా, నాకూ ఇట్లాంటి గది ఒకటి కట్టియ్యి" అన్నాడు.

వెడల్పు చెక్కలు నీ కొత్త గది తలుపుకు తీసుకో. చెట్టు మాట మాత్రం నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఇంక ఎత్తను.