షెడ్డు తలుపు దగ్గర

సెప్టెంబర్ 1948, పంజాగుట్ట

భారత సైన్యం వస్తోందని జైలు కాపలావాళ్లు పారిపోయారు. ఖైదీలం మేమూ ఇళ్లకు వెళ్లేవాళ్లమే. కానీ ఊళ్లు విడిచి వచ్చిన ముస్లిం కుటుంబాలు మాతో పని చేయించే రాతి క్వారీ షెడ్డులో తలదాచుకున్నాయి. సాయంత్రం అమీర్‌పేట వైపు నుంచి కర్రలతో గుంపు వచ్చింది. హత్య చేసిన మల్లయ్య, దొంగతనం చేసిన రహీం, సత్యాగ్రహం చేసిన నేను రాళ్లు కొట్టే సుత్తెలతో తలుపుకు అడ్డం నిలబడ్డాం.

"గీళ్లు నీకేమైతరే?" అని గుంపులోవాళ్లు మల్లయ్యను అడిగారు.

"ఏం కారు. జర ఎనక్కి పోండ్రి," అన్నాడు.

చాలాసేపటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒక పాప నా కంబళి మీద నిద్రపోతోంది. నేను జైలుకొచ్చేనాటికి నా బిడ్డ ఇంతే ఉండేది. జనగాంలో దానికీ నా భార్య శాంతకూ ఎవరైనా అడ్డం నిలబడ్డారో లేదో. రేపు బయల్దేరితే చూడొచ్చు. గుంపు మళ్లీ వస్తే ఇక్కడ ఒక మనిషి తక్కువవుతాడు.

శాంతా, ఇంకొన్నాళ్లు ఓర్చుకో.