చేతిలో ఉండగానే మోగిన బజర్

ఆర్మూర్,
సోమవారం

బాపూ, అవ్వా, నేను బాగానే ఉన్నాను, దెబ్బలేమీ తగల్లేదు.

బాస్కెట్‌బాల్ ఫైనల్ నా వల్లే ఓడిపోయామని మ్యాచ్ చూడ్డానికి వచ్చిన గంగాధర్ మామ మీకు చెప్పే ఉంటాడు. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి కార్డు రాస్తున్నాను. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా చివరి బంతి నేనే వేశాను, బుట్టలో పడింది. బజర్ మోగేసరికి బంతి చెయ్యి దాటాలి. దాటలేదని అవతలి జట్టు గొడవ చేసినా రిఫరీ సారు మాకే పాయింట్లు ఇచ్చారు. మావాళ్లు నన్ను ఎత్తుకుని తిప్పారు. కానీ బజర్ వినబడినప్పుడు బంతి ఇంకా నా వేళ్ల మీదే ఉంది. సారు స్కోరు కాగితం మీద సంతకం పెట్టబోతుంటే వెళ్లి చెప్పాను.

"నువ్వు చెప్పకుంటే ఎవ్వరికి తెల్వకపోతుండె బిడ్డా," అన్నారు.

"నాకు తెల్సు గద సార్," అన్నాను. సారు ఆ పాయింట్లు కొట్టివేశారు.

మా కెప్టెన్ వర్షిత "నిన్నెవరు అడిగిండ్రు?" అన్నది. ఆ తర్వాత మాట్లాడలేదు. మూడేళ్లు ఈ కప్పు కోసమే ఆడింది, కాలేజీలో ఆమెకిదే చివరి ఏడాది. చేసింది తప్పనుకోను. అయినా ఆమె ముఖం చూస్తే అన్నం సయించడం లేదు.

పసుపు ఉడకబెట్టడం అయిందా? అవ్వను ఆవిరి దగ్గర నిలబడనివ్వకు బాపూ, దగ్గు పెరుగుతుంది. లసుమవ్వ నానమ్మకు దండాలు చెప్పండి. ఆదివారం వచ్చేటప్పుడు మా జట్టు పన్నెండు మందికి సరిపడా మురుకులు తెండి. తింటారో లేదో తెలియదు, ముందు వర్షిత దగ్గరే పెడతాను.

మీ బిడ్డ,
సుకన్య