బాపు నాలుక చప్పుడు

కోరుట్ల,
శనివారం

ప్రియమైన బాపూ,

ఫోనులో అడిగితే నవ్వి దాటేస్తావు. అందుకే గొల్లపల్లికి వస్తున్న రాజం మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అమ్మతో చదివించుకో. ఇది విన్నాక మాత్రం కల్లు గీయడానికి తాటిచెట్టు ఎక్కకు. నా మీద ఒట్టు.

పోయిన నెల నుంచి దీపాలు పెట్టే వేళకు నాకు మెట్లు కనిపించడం లేదు. జగిత్యాలలో కళ్ల డాక్టరుకు చూపించుకున్నాను. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుందట, మందు లేదట. "మీ ఇంట్ల ఎవలకన్న ఉన్నదామ్మా?" అని అడిగితే, మా బాపు అరవై ఏళ్లకు కూడా చెట్లెక్కుతాడని గొప్పగా చెప్పాను. ఎంత తెలివితక్కువదాన్ని!

నిన్న కాలేజీలో పాఠం చెబుతున్నాను. గబ్బిలం అరిచి, ఆ అరుపు దేనికి తగిలి తిరిగొస్తుందో విని దారి తెలుసుకుంటుంది. నీళ్లలో డాల్ఫినూ అంతే. ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు. కోట్ల ఏళ్లలో దేని తిప్పలు అది పడి, ఒకే ఉపాయానికి వచ్చాయి. కొన్ని పండ్ల గబ్బిలాలైతే నాలుకతోనే టక్కుమనిపిస్తాయి అన్నాను. అనగానే నీ నాలుక చప్పుడు గుర్తొచ్చింది.

పొద్దుగూకితే నువ్వూ అట్లాగే టక్కుమనిపిస్తూ కదా నడుస్తావు! ఎడ్లను అమ్మి పదేళ్లయినా అదిలించే అలవాటు పోలేదని నేనూ అమ్మా నవ్వుకున్నాం. అది ఎడ్ల కోసం కాదు కదా బాపూ? చెట్టు ఎక్కడుందో వెతుక్కుంటున్నావు. తెలిసీ నాకెందుకు చెప్పలేదు? నీ మీద పట్టరాని కోపంగా ఉంది. అంతకన్నా భయంగా ఉంది.

నీ బిడ్డ,
శోభ


గొల్లపల్లి,
ఆదివారం

బిడ్డా శోభా,

నేను చెప్తున్న, మీ అమ్మ రాస్తుంది. ఏడ్చుకుంట రాస్తుంది, అక్షరాలు వంకరుంటే ఏమనకు. రాజం మాపటికే కోరుట్లకు మర్లుతుండు, ఆయన చేతికే ఇస్తున్న.

రాజం వచ్చేసరికి నేను చెట్టుకాడ్నే ఉన్న, నడుముకు చెట్టెక్కే మోకు గూడ కట్టుకున్న. మీ అమ్మ ఉరికొచ్చి నీ ఉత్తరం చదివింది. గక్కడ్నే మోకు ఇప్పేసిన. ఇగ ఎక్క.

నువ్వన్నది నిజమే. ఏడేండ్లాయె. పొద్దుమూకితే ఎదురుంగ మనిషున్నా కనవడడు. మా నాయిన గూడ గిట్లనే అయిండు, ముసలితనం అనుకున్నం. నీకు చెప్తే సదువు ఇడిసిపెట్టి ఇంటికొస్తవని భయపడ్డ. నీకు గూడ అస్తదని ఎర్కలేదు బిడ్డా. తప్పయింది.

రేపు మొదటి బస్సుకు వస్తున్న. గబ్బిలానికి ఎవలు నేర్పలేదంటివి. నాకు గూడ ఎవలు నేర్పలె, గోడలకు తగిలి నొసలు పగలగొట్టుకొని నేర్సుకున్న. నువ్వు గట్ల పగలగొట్టుకోవద్దు. నీకు నేను నేర్పుత.

మీ బాపు,
సమ్మయ్య